పువ్వు మన వీలు చూడదు

"పిల్లల చదువులు పూర్తవనీ, అమ్మ ఆరోగ్యం కాస్త కుదుటపడనీ, ఆ తర్వాత మళ్లీ కుంచె పడతాను." బొమ్మలు వేయాలన్న కోరిక ఉన్నవాళ్ల నోట ఈ మాట ఎంత తరచుగా వింటామో! రాసేవాళ్లూ, పాడేవాళ్లూ దాదాపు ఇదే అంటారు. అందులో అబద్ధమేమీ లేదు. ఇంటి పని నిజంగానే రోజంతా తీసేసుకుంటుంది, మిగిలిన కాసేపట్లో ఒళ్లు సహకరించదు. కానీ ఆ మాట వెనక ఒక నమ్మకం కూడా ఉంది. ఇల్లు వేరు, కళ వేరు, ఒకదాన్నుంచి తప్పుకుంటే గానీ రెండోదాని జోలికి వెళ్లలేమని. ఆ నమ్మకంతోనే నాకు పేచీ.

ఇంగ్లండుకు చెందిన చిత్రకారుడు డేవిడ్ హాక్నీ చెట్లనూ ఋతువులనూ ఎలా పట్టుకున్నాడో చూస్తే ఆ నమ్మకం చాలావరకు సడలుతుంది. అరవయ్యో ఏట ఆయన అమ్మ ఉన్న ఊరికీ, జబ్బుపడిన మిత్రుడి ఇంటికీ మధ్య నెలల తరబడి తిరిగాడు. బొమ్మల కోసమని వెతికి పట్టుకున్న దారి కాదది, మనుషుల కోసం తిరగాల్సి వచ్చిన దారి. ఆ తర్వాత ఇంచుమించు పదిహేనేళ్లు ఆయన వేసిన అతిపెద్ద బొమ్మల్లో చాలావరకు ఆ పరిసరాల్లోంచే వచ్చాయి.

మనుషుల కోసం తిరిగిన దారి

హాక్నీ 1937లో యార్క్‌షైర్‌లోని బ్రాడ్‌ఫర్డ్‌లో పుట్టాడు. ఉన్ని మిల్లుల ఊరు అది. ఐదుగురు పిల్లల్లో నాలుగోవాడు. తండ్రి కెన్నెత్ పాత సైకిళ్లు, చంటిపిల్లల తోపుడుబళ్లు బాగుచేసి మళ్లీ రంగులు వేసేవాడు. తుప్పు పట్టిన గొట్టం మీద కుంచె ఆనగానే రంగు పరుచుకోవడం ఆ పిల్లవాడు కళ్లార్పకుండా చూసేవాడట. బడి రోజుల్లో వేసవి సెలవులకు తూర్పు యార్క్‌షైర్‌లోని వోల్డ్స్ అనే గుట్టల ప్రాంతానికి వెళ్లి, కోతల సమయంలో పొలం పనులూ చేశాడు. ఇవన్నీ చాలా ఏళ్ల తర్వాత పనికొచ్చాయి గానీ, అప్పట్లో ఆయనకు ఎండ కావాల్సి వచ్చింది. 1964లో లాస్ ఏంజిలిస్ వెళ్లి అక్కడే స్థిరపడ్డాడు. ఈతకొలనుల బొమ్మలతో ప్రపంచమంతా పేరొచ్చింది. అయినా ప్రతి క్రిస్మస్‌కీ అమ్మ దగ్గరికి వచ్చేవాడు. తల్లి లారా, అక్క మార్గరెట్ బ్రిడ్లింగ్టన్ అనే సముద్రతీరపు ఊళ్లో ఉండేవారు.

1997లో ఆయన దగ్గరి మిత్రుడు జొనాథన్ సిల్వర్ క్యాన్సర్‌తో మంచాన పడ్డాడు. బ్రాడ్‌ఫర్డ్ దగ్గర మూతపడిన ఒక పాత బట్టల మిల్లును కొని, అందులో హాక్నీ బొమ్మలకు శాశ్వతంగా చోటిచ్చిన మనిషి ఆయన. సిల్వర్ ఉండేది వెదర్బీలో. బ్రిడ్లింగ్టన్ నుంచి సుమారు వంద కిలోమీటర్లు. మధ్యలో వోల్డ్స్ గుట్టలు దాటాలి. హాక్నీ అక్క ఇంట్లో ఉంటూ ఆ గుట్టల మీదుగా కారు నడుపుకుంటూ మిత్రుణ్ని చూడ్డానికి వెళ్లివచ్చేవాడు. మన యార్క్‌షైర్‌ని ఎందుకు వేయవని సిల్వర్ అడిగేవాడు. ఆ ఏడాది సెప్టెంబరులో సిల్వర్ పోయాడు. హాక్నీ ఆ దారిని వేయడం అప్పటికే మొదలుపెట్టాడు.

ఈ తొలి బొమ్మల్లో నేర్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఆయన రోడ్డు పక్కన ఈజిల్ పెట్టుకుని వీటిని వేయలేదు. దారిని గుర్తుపెట్టుకుని లోపల కూర్చుని వేశాడు. "గారోబీ హిల్" బొమ్మనైతే మరుసటి ఏడాది లాస్ ఏంజిలిస్ వెళ్లాక వేశాడు. అందులో గుట్ట మీంచి దారి వంపులు తిరుగుతూ కిందికి దూకుతుంది, దూరంగా పొలాలు గళ్లుగళ్లుగా విచ్చుకుంటాయి. ఒక్కచోట నిలబడి ఫొటో తీస్తే ఆ వంపులన్నీ ఒకేసారి కనిపించవు. పదేపదే అదే మలుపులో స్టీరింగు తిప్పిన చేతికే అవి గుర్తుంటాయి. మనసులో బెంగ పెట్టుకుని నడిపిన దారి మరీ గుర్తుంటుంది.

కాబట్టి మొదటి పని ఇది. మీ వాళ్ల కోసం మీరు తిరిగే దారులేమిటో ఒక కాగితం మీద రాయండి. నాన్నను డయాలసిస్‌కి తీసుకెళ్లే దారి కావచ్చు. పాపను బస్సెక్కించే సందు కావచ్చు. సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు హైవే దిగాక వచ్చే ఆ నాలుగు కిలోమీటర్లు కావచ్చు. అందమైన దాన్ని ఏరకండి, ఎక్కువసార్లు తిరిగినదాన్ని తీసుకోండి. ఆ రాత్రి ఇంటికొచ్చాక, ఫోనులో ఫొటోలు చూడకుండా, ఆ దారిని పెన్సిలుతో గీయండి. కొలతలు తప్పుతాయి, తప్పనివ్వండి. ఏ మలుపు పెద్దదై వచ్చింది, ఏ చెట్టు ఉన్నదానికన్నా దగ్గరికొచ్చింది, ఏ కిలోమీటరు అసలు రాలేదు అన్నది గమనించండి. మీ కన్ను ఇప్పటికే ఏం ఎంచుకుందో ఆ కాగితం చెబుతుంది. పెద్దగా వచ్చిన ఆ మలుపే మీ చోటు.

అదే చోటికి మళ్లీ

లారా 1999లో, తొంభై ఎనిమిదేళ్ల వయసులో కన్నుమూసింది. అమ్మ లేని ఊరికి ఇక రాకపోయినా అడిగేవాళ్లు లేరు. కానీ 2004లో హాక్నీ నీటి రంగులు పట్టుకుని అక్కడికే వచ్చాడు. ఆ వేసవిలో వేసిన 36 నీటి రంగుల బొమ్మల్ని కలిపి ఒకే కృతిగా పెట్టాడు. కాన్వాసు బొమ్మలకు అంత పేరున్న మనిషి నీటి రంగుల దగ్గరికి ఎందుకు వెళ్లాడు? నీటి రంగుల్లో తెలుపంటే ఖాళీ కాగితమే. ముదురు రంగు ఒకసారి పడితే వెనక్కి తీసుకోలేం. ఎక్కడ వెలుతురు వదలాలో కుంచె ముంచకముందే తేల్చుకోవాలి. తెలిసిన చోటును మళ్లీ కొత్తగా చూడాలంటే ఇంతకన్నా కఠినమైన శిక్షణ ఉండదని నా అభిప్రాయం. చాలామంది నీటి రంగుల్ని చిన్నపిల్లల సరంజామాగా చూస్తారు. అది పొరపాటు.

మరుసటి ఏడాది నుంచి ఆరుబయటే ఆయిల్ రంగులు. 2006లో వోల్డ్‌గేట్ అనే పాత రోమన్ రోడ్డు పక్కన ఒక చిన్న అడవి దగ్గర నిలబడ్డాడు. రెండు కాలిబాటలు చీలి చెట్ల మధ్యకు వెళ్లే చోటు. ఆరు కాన్వాసుల్ని పైన మూడు, కింద మూడుగా కలిపి ఒకే బొమ్మగా వేశాడు. ఆ వసంతంలో అక్కడే, వేసవిలో అక్కడే, ఆకులు రాలేటప్పుడూ అక్కడే. నిలబడే చోటూ మారలేదు, కాన్వాసుల కొలతా మారలేదు. పేర్లు చూడండి: "వోల్డ్‌గేట్ వుడ్స్, 24, 25, 26 అక్టోబర్ 2006". ఇంకొకటి "7, 8 నవంబర్ 2006". బొమ్మకు తేదీలే పేరు. అక్టోబరు బొమ్మలో ఆకు ఇంకా కొమ్మను వదల్లేదు. రెండు వారాలు గడిచేసరికి కొమ్మల మధ్య ఆకాశం తెరుచుకుంది. ఈ తేడా కనబడాలంటే తక్కినవన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉండాలి. ఈసారి కొండ, వచ్చేసారి చెరువు, ఆపైన గుడిగోపురం అని చోట్లు మారుస్తూ పోతే, మారింది కాలమో మనమో తెలియదు.

బొమ్మలు నేర్చుకునేవాళ్లు ఇక్కడే జారిపోతారు. ఒక చెట్టును రెండుసార్లు వేశాక, ఇంకేముంది ఇందులో అంటారు. విసుగు పుట్టిన ఆ క్షణం చాలా విలువైనది, దాటిపోవద్దు. మొదటి రెండుసార్లూ మనం చేసేది చెట్టు అనే బొమ్మ, బడిలో నేర్చుకున్న గోధుమరంగు మానూ పచ్చ గుబురూ. అది అయిపోయిందనే విసుగు చెబుతుంది. చూడ్డం అప్పుడు మొదలవుతుంది. మాను గోధుమరంగు కాదనీ, వాన తడికి ఒకవైపు నల్లగా, ఎండ తగిలినవైపు బూడిద కలిసిన ఊదాగా ఉందనీ అప్పుడే కనబడుతుంది.

నిలబడే చోట ఒక రాయి గుర్తు పెట్టుకోండి. ఇంటి బాల్కనీ అయితే కుర్చీ కాళ్ల దగ్గర సుద్దముక్కతో గీత గీయండి. ఒకే సైజు కాగితాలు ముందే కోసి పెట్టుకోండి. బొమ్మ కింద సంతకం కన్నా ముందు తేదీ రాయండి, వేళ రాయండి. ఆ రోజు ఇంట్లో ఏం జరిగిందో వెనక ఒక్క ముక్క రాసినా మంచిదే.

మనకి ఋతువులెక్కడ ఉన్నాయి?

ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. అక్కడంటే మంచు, వసంతం, రంగులు మారే ఆకులు. మనకి ఎండ, మరీ ఎండ, వాన, ఇంతేగా అని. చాలా గట్టిగా చెప్పాల్సిన జవాబు ఇది: మన ఋతువులు ఉష్ణోగ్రతలో కన్నా చెట్టు మీద బాగా కనిపిస్తాయి.

ఒక్క వేపచెట్టునే తీసుకోండి. మాఘ ఫాల్గుణాల్లో ఆకు పండి పసుపుపచ్చగా రాలుతుంది. కొన్నిరోజులు కింద నీడ పలచబడి, నేల మీద కొమ్మల గీతలే పడతాయి. ఆ వెంటనే చిగురు. దగ్గరికెళ్లి చూస్తే ఆ చిగురు ఆకుపచ్చ కాదు, రాగిరంగు. మెత్తగా, కాస్త మెరుస్తూ, వేలితో ముడితే వంగిపోయేలా ఉంటుంది. వారం పది రోజుల్లో రాగి పోయి లేతపచ్చ వస్తుంది. ఒకే కొమ్మ మీద చివర ఎరుపు, మధ్యలో చిలకపచ్చ, మొదట్లో నిరుటి ముదురాకు ఒకటో రెండో. ఉగాది నాటికి తెల్లటి పూత, పచ్చడిలోకి మనం దులిపి తెచ్చుకునేది అదే. జ్యేష్ఠం దాటేసరికి వేపకాయలు పండి నేల జిగటగా అవుతుంది. ఇప్పుడు నీడ దట్టంగా, నీలం కలిసి ఉంటుంది. ఇది ఒక్క చెట్టు సంగతి. ఆకే లేకుండా నిప్పురంగు పూలతో నిలబడే మోదుగ, లేత గులాబీ చిగుళ్లతో వచ్చే రావి, కొత్తాకు ద్రాక్షరసం రంగులో వేలాడే మామిడి, వేసవిలో తన కింద నేలంతా లేత ఊదా పూలు పరిచే కానుగ, ఎవరి వంతు వాళ్లది. మన పెద్దలు నెలలకు పెట్టుకున్న గుర్తులు ఇవే. క్యాలెండరు గోడకెక్కాక మనం వాటిని చదవడం మానేశాం.

హాక్నీ కాలిఫోర్నియా నుంచి వచ్చాక బాగా పట్టించుకున్నది ఇదే. ఏడాది పొడవునా ఒకేలా ఎండ కాసే చోట ఉండి వచ్చిన కళ్లకు యార్క్‌షైర్ వసంతం పెద్ద సంఘటన అయింది. అక్కడి పొలాల గట్లమీద హాథార్న్ అనే ముళ్లపొద ఉంటుంది. మే నెల ప్రాంతంలో పూస్తుంది. పూసిందంటే కంచెలన్నీ తెల్లటి నురగతో నిండిపోతాయి. ఆ పూత ఉండేది కొద్దిరోజులే. గాలివాన వస్తే అదీ ఉండదు. అందుకని ఆ పూత రాకముందే కాన్వాసులు సిద్ధం, రంగులు సిద్ధం, తడి బొమ్మలు ఒకదానికొకటి అంటుకోకుండా బండిలో అరలు సిద్ధం. పొద విచ్చుకున్న రోజు నుంచి తెల్లారగానే బయట ఉండేవాడు. 2008, 2009లలో వచ్చిన ఆయన హాథార్న్ బొమ్మల్లో పొదలు ఉబ్బి, కదిలి, దారి మీదికి ఒరుగుతుంటాయి. పరుగుమీద వేసిన వేగం వాటిలో ఉంది. ఆ వేగానికి ఆధారం అంతకుముందు నెమ్మదిగా చేసుకున్న ఏర్పాటు.

ప్రేరణ వచ్చినప్పుడు పని చేస్తానని అనేవాళ్లు ఈ వరసను తలకిందులు చేస్తారు. పువ్వు పూశాక కాగితం కొనడానికి బయల్దేరతారు. కొనుక్కొచ్చేసరికి కాయ కాస్తుంది.

ఋతువు ఎంత నిక్కచ్చిగా ఉంటుందో చిత్రకారుడు విన్సెంట్ వాన్ గో కథ చెబుతుంది. 1890 జనవరి 31న ఆయన తమ్ముడు థియోకి కొడుకు పుట్టాడు. పిల్లవాడికి పెదనాన్న పేరే పెట్టారు. అప్పుడు విన్సెంట్ దక్షిణ ఫ్రాన్సులో సాంరెమీ చికిత్సాలయంలో ఉన్నాడు. అక్కడ అన్నిటికన్నా ముందు పూసేది బాదంచెట్టు. నీలాకాశం మీద పరుచుకున్న తెల్లటి బాదం కొమ్మల్ని ఆ పసివాడి కోసం వేశాడు. ఆ పూతను ఇంకా వేయాలనుకున్నాడు. ఇంతలో జబ్బు తిరగబెట్టింది. కోలుకునేసరికి ఏప్రిల్ చివర, పూత అయిపోయింది. తమ్ముడికి రాసిన ఉత్తరంలో ఆ దిగులు ఉంది. ఆ జూలైలోనే ఆయన పోయాడు, మరో బాదం పూత చూడలేదు. వేసిన ఆ ఒక్క బొమ్మ మాత్రం తమ్ముడి ఇంట్లో గోడ మీద ఉండిపోయింది. దాని కింద పెరిగిన పిల్లవాడు ఇంజనీరై, పెదనాన్న బొమ్మలన్నీ ఒక్కచోట ఉండేలా చూశాడు. 1973లో ఆమ్‌స్టర్‌డామ్‌లో తెరిచిన వాన్ గో మ్యూజియం ఆయన పూనికతో వచ్చిందే. ఒక బిడ్డ కోసం, ఒక వారం పూత చూసి వేసిన బొమ్మ అది. ప్రపంచం కోసం వేస్తున్నానని అనుకునేవాళ్లు ఎవరి కోసం వేస్తున్నారో ఒకసారి పేరు పెట్టి చెప్పుకోవడం మంచిది.

మీరు చేయాల్సింది: మీ చెట్టుకు ఒక పంచాంగం తయారుచేయండి. ఆకు ఎప్పుడు రాలింది, చిగురు ఎప్పుడు తొంగిచూసింది, పూత ఎన్నాళ్లుంది అని. మొదటి ఏడు రాసుకోవడమే. రెండో ఏడు ఆ తేదీలకు ఓ పదిరోజుల ముందు గుర్తు పెట్టుకుని కాగితాలు, రంగులు, ఆఫీసు సెలవు, ఇంట్లో ఆ పూట ఎవరు వండాలన్న ఏర్పాటు, అన్నీ చూసుకోండి. ఏడాదంతా రోజూ గంట కేటాయించలేని ఇల్లాలు కూడా వేప చిగురు వారంలో నాలుగు పొద్దున్నలు అడిగి తీసుకోగలదు. ఫలానా వారం, ఫలానా పని అని చెబితే ఇంట్లోవాళ్లూ సహకరిస్తారు. "నాకు టైము కావాలి" అంటే ఎవరికీ అర్థం కాదు.

పెద్దదాన్ని ముక్కలుగా

2007లో హాక్నీ వేసిన "బిగ్గర్ ట్రీస్ నియర్ వార్టర్" పన్నెండు మీటర్ల పొడవు, నాలుగున్నర మీటర్లకు పైగా ఎత్తు. వార్టర్ అనే పల్లె దగ్గర ఆకురాలిన పెద్ద చెట్టూ, దాని వెనక చెట్ల గుంపూ, పక్కన రెండిళ్లూ. అంత బొమ్మను నిలబెట్టే గోడ అప్పట్లో ఆయన దగ్గర లేదు. అయినా పని ఆగలేదు. యాభై కాన్వాసులుగా విడగొట్టుకున్నాడు. ఒక్కొక్కటి ఒక మనిషి మోయగలిగేదే. రోజూ వేసినవాటికి ఫొటోలు తీసి కంప్యూటరులో పక్కపక్కన అతికించుకుంటే, మొత్తం ఎలా వస్తోందో తెలిసేది. చెట్లు చిగురించేలోగా పూర్తిచేయాలి, చేశాడు. ఆ వేసవిలో లండన్ రాయల్ అకాడమీలో మొత్తం బొమ్మను ఒక్క గోడమీద చూసుకున్నాడు. మరుసటి ఏడాది దాన్ని టేట్ మ్యూజియానికి ఇచ్చేశాడు.

రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్లకి ఈ పద్ధతి నేరుగా పనికొస్తుంది. పెద్ద బొమ్మ వేయడానికి పెద్ద గది ఉండాల్సిన పనిలేదు. మామూలు ఏ4 కాగితాలు పన్నెండు తీసుకోండి. నాలుగు వరసల్లో మూడేసి. చెట్టును పన్నెండు గళ్లుగా విడగొట్టి, ఒక పూటకు ఒక కాగితం. ఏ కాగితానికి ఆ కాగితం పూర్తి. ఒక రోజు ఎండ ఎడమనుంచి, ఇంకో రోజు మబ్బు, అతికించాక అతుకుల దగ్గర తేడా వస్తుంది. సరిదిద్దకండి. పన్నెండు పూటలు ఒకే చెట్టు కింద ఉన్నారనడానికి అదే సాక్ష్యం. ఎక్కువ సమయం ఉన్నవాళ్లు ఇంకోలా వేస్తారేమో గానీ, అరగంటలు మాత్రమే దొరికే మనిషికి ఇంతకన్నా నిజాయితీ గల పద్ధతి నాకు కనబడలేదు.

పనిముట్ల విషయంలో ఆయనకు పట్టింపు లేదు. 2009లో ఐఫోన్ మీద వేలితో కిటికీలోని పూలు వేసి పొద్దున్నే స్నేహితులకు పంపేవాడు. 2011లో జనవరి నుంచి జూన్ మొదటివారం దాకా వోల్డ్‌గేట్ దారిలో వసంతం రావడాన్ని ఐప్యాడ్‌లో గీశాడు. 51 బొమ్మల్ని పెద్దవిగా అచ్చువేసి, 32 కాన్వాసుల పెయింటింగ్‌తో కలిపి ఒకే కృతిగా మరుసటి ఏడాది ప్రదర్శించాడు. తెర మీద రంగు ఆరేదాకా ఆగక్కర్లేదు, చీకట్లోనూ గీయవచ్చు. చలికి వేళ్లు కొంకర్లు పోయేచోట అది పెద్ద సౌకర్యం. అయినా పిల్లల్ని చూసుకుంటూ గీసేవాళ్లకి ఫోను కన్నా పెన్సిలే మేలంటాను. ఫోను చేతిలో ఉంటే ఇంకెవరో పిలుస్తారు.

కొట్టేసిన చెట్టు

వార్టర్ దగ్గరే ఇంకో చెట్ల గుంపును హాక్నీ చలికాలంలో ఒకసారి, వేసవిలో ఒకసారి వేశాడు. తక్కిన ఋతువులూ వేయాలనుకున్నాడు. 2009లో వెళ్లేసరికి చెట్లు లేవు. కలప కోసం కొట్టేశారు. ఆయన నరికిన దుంగల్నే వేయడం మొదలుపెట్టాడు. "వింటర్ టింబర్"లో నారింజరంగు దుంగలు దారి పక్కన పేర్చి ఉంటాయి, ఊదారంగు మోడు ఒకటి నిలబడి ఉంటుంది. 2012 చివర్లో, ఆయనకు చాలా ఇష్టమైన ఒక ఎత్తయిన మోడును ఎవరో రాత్రిపూట రంగు చల్లి కోసేశారు. అదే శరదృతువులో ఆయనకు స్వల్పంగా పక్షవాతం వచ్చి మాట తడబడింది. రంగులు పక్కనపెట్టి బొగ్గు తీసుకున్నాడు. 2013 వసంతంలో వోల్డ్‌గేట్ మీద ఐదు చోట్లను ఐదేసి సార్లు, మొత్తం 25 బొగ్గు చిత్రాలు. రంగు లేకుండా చిగురును చూపించడం ఎంత కష్టమో ఒకసారి ప్రయత్నించినవాళ్లకి తెలుస్తుంది.

చెట్లు కొట్టేసే పరిస్థితే వస్తే చిత్రకారుడు క్లోద్ మోనే ఇంకోలా చేశాడు. 1891లో ఫ్రాన్సులో ఎప్ట్ నది ఒడ్డున ఆయన పోప్లార్ చెట్ల వరస వేస్తుండగా వాటిని అమ్మకానికి పెట్టారు. మోనే కలప వ్యాపారికి డబ్బిచ్చి, బొమ్మలు పూర్తయ్యేదాకా కొట్టకుండా ఆపించాడు.

మన ఊళ్లలో రోడ్డు వెడల్పు చేస్తే మొదట పోయేవి ఆ చింతలూ మర్రులే. ఆపగలిగితే ఆపండి, అది బొమ్మకన్నా పెద్ద పని. ఆపలేకపోతే ఆ మొద్దును వేయండి. కోసిన చోట తాజా కలప రంగు కొద్దిరోజులే ఉంటుంది, తర్వాత బూడిదరంగులోకి పోతుంది. ఇంట్లో ఎవరో ఒకరు ఆ చెట్టు కిందే బస్సు కోసం నిలబడేవారు, ఆ కబురు చెప్పించుకుని బొమ్మ వెనక రాయండి. వచ్చే ఏడాది వేద్దాం అనుకున్న చెట్టు ఏదైనా ఉంటే ఈ ఆదివారం వెళ్లిరండి.

ఇంట్లోవాళ్లు కదులుతారు

చెట్టు కదలకుండా నిలబడుతుంది, మనుషులు నిలబడరు. హాక్నీ 1977లో వేసిన "మై పేరెంట్స్"లో తల్లి చేతులు ఒళ్లో పెట్టుకుని కొడుకునే చూస్తూ కూర్చుంది. తండ్రి కుదురుగా కూర్చోలేక, ఒక పుస్తకం మీదికి వంగి చదువుకుంటున్నాడు. దీనికి ముందు వాళ్లిద్దరితో ఒక బొమ్మ మొదలుపెట్టి, కుదరక వదిలేశాడు. రెండోసారి తండ్రి కుదురులేనితనాన్నే భంగిమగా ఒప్పుకున్నాడు. బొమ్మ నిలిచింది.

ఇంట్లోవాళ్లను వేసేటప్పుడు "కదలకు నాన్నా" అనడం మానేయండి. ఆయన పేపరు చదివితే చదవనివ్వండి, అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతుంటే ఏరనివ్వండి. అలవాటైన పనిలో చేతులు పదేపదే అదే చోటికి వస్తాయి, మళ్లీ వచ్చినప్పుడు ఆ గీతను కొనసాగించవచ్చు. పనిలో పనిగా చెట్టు సంగతి అడగండి. పెరట్లో ఆ జామ ఎవరు నాటారు, నూతి దగ్గర కరివేపాకు ఎవరింటినుంచి వచ్చింది, మీ చిన్నప్పుడు ఈ సందులో ఏముండేది అని. బొమ్మ వేసే చేయి ఎదురుగా కదులుతుంటే పెద్దవాళ్లు మామూలుగా చెప్పని సంగతులు కూడా చెబుతారు. మనం వాళ్ల కళ్లలోకి కాకుండా వాళ్ల చేతులవైపు చూస్తుంటామేమో, అందుకని కావచ్చు.

ఈ నెలనుంచే

2019లో ఫ్రాన్సులోని నార్మండీలో ఒక పాత ఇల్లు తీసుకున్న హాక్నీ, కరోనా లాక్‌డౌన్ సమయంలో తన పెరట్లోని చెట్లనే వేస్తూ ఉండిపోయాడు. ఏడాది పొడవునా ఐప్యాడ్‌లో వేసిన బొమ్మల్ని కలిపి దాదాపు 90 మీటర్ల పొడవైన ఒకే పటంగా చేశాడు. దాని పక్కన నడుచుకుంటూ వెళ్తే ఏడాది గడుస్తుంది. అప్పటికి ఆయనకు ఎనభై దాటాయి.

మీరు జనవరి ఒకటో, ఉగాదో రావాలని ఆగొద్దు. ఈ పేజీ మాఘంలో చదువుతుంటే రాలే ఆకుతో మొదలుపెట్టండి, కొమ్మల అమరిక తెలుసుకోవడానికి అదే మంచి కాలం. చైత్రమైతే చిగురు రంగులు కలపడంతోనే మొదటి రెండు వారాలు గడపండి, బొమ్మ తర్వాత. నడివేసవిలో పొద్దున్న ఏడులోపే బయట పని, ఆపైన ఇంట్లో కూర్చుని నీడల ఆకారాలు గుర్తుచేసుకుని గీయడం. వానాకాలంలో కాగితం ఆరదు, బొగ్గో పెన్సిలో తీసుకుని తడిసిన మాను వేయండి. కార్తీకంలో ఎలాగూ వనభోజనాలకు ఉసిరిచెట్టు కిందికి అందరూ చేరతారు, చెట్టూ కుటుంబమూ ఒకే కాగితం మీద కుదురుతాయి. వెళ్లేటప్పుడు విస్తళ్ల సంచిలోనే నాలుగు కాగితాలూ, ఒక అట్టా, రెండు పెన్సిళ్లూ పడేయండి. పిల్లల కోసం ఇంకో రెండు కాగితాలు ఎక్కువే పెట్టండి.